నిలువ నీడ



వానలు వెనుకాడిన యేట విరాటపర్వము చదివించుట తెలుగునాట తరతరముల యాచారము. పౌరాణికులు పీఠముపై పుస్తకము తెఱచి కూర్చుండగా, ఇంటిపనులు ముగించుకొని మనమును గోడవార చేరి వినుచుందుము. ఉత్తరుని ప్రగల్భములకు నవ్వుదుము. కీచకుడు చచ్చెనన్నచో సంతోషింతుము. గోగ్రహణ ఘట్టము ముగియునప్పటికి ఆకాశమువంక చూతుము. కాని యా కథ దేనినిగూర్చినదని యెవరైన నడిగినచో నేమి చెప్పుదుము? తమ పేరు చెప్పుకొనుటకు వీలులేని యాఱుగురు మనుష్యులు ఒక యూరికి వచ్చి నిలువ నీడ యడిగిరి. అదియే యా కథ. ఒకరు రాజు కొలువున, ఒకరు వంటశాలలో, ఒకరు గుఱ్ఱపుసాలలో, ఒకరు పసులకొట్టమున, ఒకరు రాణివాసమున, ఒకరు నాట్యశాలలో తల దాచుకొనిరి.

నాట్యశాలలో నున్నది బృహన్నల. ఆడుకట్టు, పొడవైన జడ, చేతుల గాజులు. అట్టి వ్యక్తి వచ్చి యెదుట నిలిచినపుడు విరాటుడు తఱిమివేయలేదు. తన కూతునకు ఆటపాటలు నేర్పు గురువుగా నిలుపుకొనెను. ఉత్తరయు వెఱవలేదు. యుద్ధమునుండి తన బొమ్మపొత్తికలకు రంగురంగుల చీరలు తెచ్చిపెట్టుమని చనువుగా నడిగెను.

నేడు మన వీధిలోనికి అట్టి వ్యక్తి వచ్చినచో మన మేమి చేయుచున్నాము? తలుపు మూసికొనుచున్నాము, పిల్లలను లోనికి పిలుచుకొనుచున్నాము. పురాణమున చేతులు జోడించి వినిన సంగతియే గుమ్మమున నిలిచినపుడు మనకు రోత యగుచున్నది. ఈ వ్యాసమున మేము విన్నవించుకొనదలచిన దొక్కటే. ఇల్లు కోల్పోయిన యీ జనులకు ప్రభుత్వము లిచ్చు హక్కు లెన్ని యున్నను, వారికి నీడ దొరకుటయు దొరకకపోవుటయు తుదకు ఇల్లాండ్ర చేతిలో నున్నది.

ఎవరు వీరు?

బిడ్డ పుట్టినపుడు మంత్రసాని చూచి ఆడుబిడ్డయనియో మగబిడ్డయనియో చెప్పును. పెక్కండ్ర విషయమున ఆ మాట జీవితాంతము చెల్లును. కొందఱి విషయమున చెల్లదు. మగవాడని పెంచిన బిడ్డ ఊహ తెలిసిననాటినుండియు తాను ఆడుదాననియే యెఱుగును. ఆడుదని పెంచిన బిడ్డ తాను మగవాడననియే యెఱుగును. తాము రెండింటిలో దేనికిని చెందమని యెఱిగినవారు కొందఱు. వీరి నందఱను కలిపి నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని పిలుచుచున్నారు. హిజ్రా యనునది వారిలో నొక సంప్రదాయమున చేరినవారి పేరు మాత్రమే. అందఱును హిజ్రాలు కారు. తమిళులు తిరునంగై యను గౌరవపదమును వాడుచున్నారు. మాట క్రొత్తదైనను మనుష్యులు క్రొత్తవారు కారు. చిన్ననాడు అమరము వల్లించినవారికి 'తృతీయాప్రకృతి' యను మాట యందు కలదని జ్ఞాపకముండును. మన పెద్దలు ఆడు, మగ యను రెంటితో లోకము ముగిసినదని తలపలేదు.

బృహన్నలకును వీరికిని ఒక భేదము కలదు. అర్జునునిది వేషము, ఏడాది నిండగానే విప్పివేసెను. వీరిది వేషము కాదు. పుట్టినింట పెద్దలు పెట్టిన పేరుతో, తమది కాని బట్టతో గడపిన దినములే వీరి అజ్ఞాతవాసము. పాండవుల యజ్ఞాతవాసమునకు ఒక యేడు గడువు. వీరిలో పెక్కండ్రకు గడువే లేదు.

2011 జనాభాలెక్కలలో మొట్టమొదటిసారిగా ఆడు, మగ యను రెండు గళ్ళకు తోడుగా 'ఇతరులు' అను మూడవ గడి చేర్చిరి. దేశమంతటను 4,87,803 మంది ఆ గడిలో చేరిరి. అప్పటికి విడిపోని ఆంధ్రప్రదేశమున 43,769 మంది. చెప్పుకొనుటకు వెఱచినవారు ఆ లెక్కలోనికి రాలేదు. ఆ వెఱచినవారిలో మన బంధువుల బిడ్డలు లేరని మనలో నెవరును ప్రమాణము చేయలేరు.

ఇది రోగము కాదని కూడ తెలియవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022లో అమలునకు తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనిని మానసిక వ్యాధుల వరుసనుండి తొలగించినది. 'మార్చెద' మని చేయు చికిత్సలు వైద్యవృత్తికి తగని దుష్ప్రవర్తన యని మన దేశపు జాతీయ వైద్య కమిషను 2022లో ప్రకటించినది. కావున భూతవైద్యుని తాయెత్తునకును, 'నయము చేసెద' నను డాక్టరు సూదిమందునకును ఇచట పనిలేదు.

నీడ పోయిన విధము

వీరి నీడ మొదట పోవునది పుట్టినింటనే. మగపిల్లవాడు అక్క గాజులు తొడుగుకొనెననియో, నడకలో ఒయ్యార మున్నదనియో 'ఆడంగివాడా' యని యిల్లంతయు నవ్వును. ఆ నవ్వు మనకు వేడుక. ఆ బిడ్డకు మొదటి రాయి. ఇంట విన్న మాటనే బడిలో తోటిపిల్ల లందుకొందురు. మరుగుదొడ్డికి పోవుటకు భయపడి బడియే మానివేయు పిల్లలు కలరు. హాజరుపట్టీలో పేరు కొట్టివేయుటతో నా కథ ముగిసినదని పంతుళ్ళు తలతురు. ఉపాధ్యాయుల యిండ్లలోని మాబోటివారికి ఆ పేర్ల సంగతి అప్పుడప్పుడు తెలియుచుండును. పిమ్మట తండ్రి బెల్టు, అన్న చేయి, బంధువుల మాటలు. ఒకనాటి రాత్రి బిడ్డ రైలెక్కి పోవును. 'మా వాడు పోయినాడు' అని తల్లి యేడ్చును. వాడు పోలేదు, మనమే పంపితిమని యామెతో నెవరును చెప్పరు.

ఆడుపిల్లగా పుట్టి మగవానిగా తన్ను తా నెఱిగినవారి బాధ యింకను మఱుగుననుండునది. వారు రైలెక్కి పోవుటకైన వీలులేక గడపలోపలనే చెఱనుందురు. 'పెండ్లి చేసిన అన్నియు సర్దుకొను' నని యిట్టి బిడ్డలకు ముడివేయుట మన యిండ్లలో కలదు. అది యొక జీవితమును గాక రెండు జీవితములను కాల్చును. ఏ పాపమెఱుగని యొక కన్యను తెచ్చి, తాను ఆడుదానను కొను వ్యక్తికి భార్యగా కట్టిపెట్టు తల్లి, తన బిడ్డకును కోడలికిని సమానముగా ద్రోహము చేయుచున్నది.

ఇల్లు విడిచినవారిలో కొందఱు హిజ్రాల యిండ్లకు చేరుదురు. ఆ యింటి కట్టుబాటు మన మెఱుగదగినది. క్రొత్తగా వచ్చిన వ్యక్తిని ఒక గురువు శిష్యురాలిగా చేర్చుకొనును. అది మొదలు గురువు తల్లి. తోటి శిష్యురాండ్రు అక్కచెల్లెండ్రు. గురువునకు గురువు అమ్మమ్మవంటిది. తమలో తాము మాటాడుకొనుటకు వారి కొక ప్రత్యేకమైన భాష కలదు. తగవులు తీర్చుటకు పెద్దల పంచాయతి కలదు. జ్వరము వచ్చిన గంజి కాచియిచ్చునది ఆ యిల్లే. ప్రాణము పోయిన నలుగురు చేరి సాగనంపునదియు నా యిల్లే. రక్తసంబంధము కాదన్నచోట వారు తమ చేతులతో నొక కుటుంబమును కట్టుకొనిరి. అందును కష్టములు లేకపోలేదు. సంపాదనలో భాగము గురువునకు చెల్లింపవలెను; ఒక గురువును వీడి వేఱొకరి దగ్గఱకు పోవలెనన్న పరిహారము కట్టవలెను. బిచ్చమెత్తుట, దేహవిక్రయము తప్ప వేఱుపని దొరకనపుడు ఆ భాగము బరువే. ఐనను తలుపు తెఱచిన దా గడప యొక్కటే.

విచారింపవలసిన సంగతి యేమనగా, వారు కట్టుకొనిన యా యింటిని గూడ చట్టము కూల్చుటకు చూచెను. ఆంగ్లప్రభుత్వము 1871లో చేసిన నేరస్థజాతుల చట్టమున రెండవ భాగము ప్రత్యేకముగా వీరినిగూర్చినదే. పట్టికలో పేరెక్కిన వ్యక్తి మైనరుకు సంరక్షకుడు కారాదు, దత్తత చేసికొనరాదు, దానమీయరాదు, వీలునామా వ్రాయరాదు అని యందు విధించిరి. ఒకరికొకరు దిక్కుగా నుండుటకు మనుష్యులకు గల మార్గము లివియే గదా! వానినే నేరముగా చేసిరి. ఆ వరుసనే హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, మఱియొక చట్టము వచ్చెను. అనుమానింపబడిన వారి పేళ్ళు పోలీసువారి రిజిస్టరులో నెక్కించుట, ఆడుబట్ట కట్టి నగలు పెట్టి వీధిలో కనబడినను, బహిరంగముగ పాడినను ఆడినను వారంటు లేకయే పట్టుకొనుట, రెండేండ్లవఱకు చెఱ, ఇవి దాని పద్ధతులు.

ఆ చట్టము నిజాముతోనే పోలేదు. సంస్థానము పోయినది, రాష్ట్రములు మాఱినవి, చట్టము మాత్రము పుస్తకమున నిలిచియుండెను. 2018లో కొందఱు దానిని సవాలుచేసి హైకోర్టునకు పోగా, 2023 జులై 6వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ చట్టము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఒక జనసముదాయమునంతటిని నేరస్థులుగా చూచుట మానవగౌరవమునకు దెబ్బయని తీర్పు చెప్పెను. ఆసరా పెన్షను వారికిని ఈయవలెననియు, విద్యలో నుద్యోగములలో ప్రత్యేకస్థానములు కల్పింపవలెననియు ఆదేశించెను. నూఱేండ్లకు పైగా మన నడుమ నుండిన యీ యన్యాయము మనలో నెందఱికి తెలియును?

తిరిగి దొరకిన దెంత?

కొంత దొరకినది. దాచనక్కఱలేదు. 2008లో తమిళనాడు ప్రభుత్వము దేశమున మొట్టమొదటిసారిగా వీరికై సంక్షేమమండలి నేర్పఱచినది. 2014 ఏప్రిలు 15వ తేదీన సుప్రీముకోర్టు, తాను ఆడో మగయో మూడవవర్గమో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదే యని ఘనమైన తీర్పు నిచ్చెను. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము నెలకు 1,500 రూపాయల పెన్షను ఈయ నిశ్చయించెను. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను నిరువురు ట్రాన్స్‌జెండర్ వైద్యులు హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగమున చేరిరి. వారిలో నొకరిని అంతకుముందు ఒక ఆసుపత్రివారు, రోగులు రాకపోవుదురేమో యను శంకతో తొలగించియుండిరి. 2024 డిసెంబరులో హైదరాబాదు నగరమున 39 మంది ట్రాఫిక్ సహాయకులుగా నియమింపబడిరి. ఏ కూడలులలో చేయిచాచి నిలిచిరో ఆ కూడలులలోనే చేయెత్తి బండ్లను నిలుపుచుండగా జనులు చూచిరి.

వ్యాధి వచ్చిన పోవుటకు చోటును ఒకటి యేర్పడినది. 2021లో హైదరాబాదు నారాయణగూడలో మిత్ర్ క్లినిక్కను వైద్యశాల తెఱచిరి. మందిచ్చువారు, మాటాడువారు చాలమట్టుకు ఆ సముదాయమువారే యగుటచే వచ్చినవారికి వెఱపు లేకపోయెను. అమెరికా ప్రభుత్వపు సాయము నిలిచిపోవుటచే 2025 మొదట నది మూతపడెను. ఆ యేడే టాటావారి ధర్మనిధుల సాయముతో సబ్‌రంగ్ అను పేర తిరిగి తెఱచిరి. ఎచటనో దూరదేశమున నొక సంతకము మాఱినంతనే మన యూరిలో నొకరి మందు ఆగిపోవుట చూచినచో, ఈ నీడ యెంత పలుచనిదో తెలియును.

ఇక ఇల్లు. 2019లో పార్లమెంటు చేసిన చట్టమున, ట్రాన్స్‌జెండర్ యను కారణముచే బిడ్డను తలిదండ్రులనుండి వేఱుచేయరాదనియు, వారు చూడలేనిచో న్యాయస్థానము పునరావాసకేంద్రమునకు పంపవచ్చుననియు వ్రాసిరి. వినుటకు మంచిమాట. కాని కొట్టునది ఆ తలిదండ్రులే యైనపుడు? తమ్ము పెంచిన గురువుల యింటిని, తాము కోరుకొనిన బంధువులను కుటుంబముగా నీ చట్టము గుర్తింపలేదని ఆ సముదాయమువారే ఆక్షేపించిరి. పిమ్మట 2020 నవంబరులో వడోదరలో మొదటి గరిమాగృహమును ప్రారంభించిరి. తొలుత తలపెట్టినవి 12 గృహములు. ఒక్కొక్కదానిలో 25 మందికి చోటు. అన్నియు నిండినను 300 మంది. లెక్కకు వచ్చినవారు దాదాపు అయిదు లక్షలు! ప్రభుత్వము కట్టు సత్రములతోనే యీ కొఱత తీరునదికాదని చెప్పుటకు వేఱు సాక్ష్యమేల?

ఉద్యోగము దొరకినను ఇల్లు దొరకకున్న నేమగునో కొచ్చి నగరమున చూచితిమి. 2017లో అచటి మెట్రోరైలు సంస్థ ఇరువదిమందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పనులిచ్చినది. దేశమంతయు మెచ్చుకొనినది. కొలదికాలమునకే వారిలో కొందఱు పని మానుకొనిరి. చేతకాక కాదు. ఊరిలో వారికి అద్దెకు గది యిచ్చువారు లేకపోయిరి. లాడ్జిలకు దినదినము చెల్లించిన సొమ్ము జీతమును మ్రింగివేసెను. ప్రభుత్వ మిచ్చిన కూటిని పట్టణపు గడపలు లాగివేసినవి. అద్దెకు వచ్చినవారిని చూచి, కులగోత్రము లడిగి, 'సరే'ననియో 'వల్లకాదు' అనియో లోనుండి తలయూపునది సాధారణముగా ఆ యింటి యిల్లాలే.

తలుపు తెఱచుట చాలునా?

విరాటపర్వమున మఱియొక పాఠము కలదు. అది ఇల్లాండ్రకే చెప్పబడినదా యనిపించును. ద్రౌపది సైరంధ్రియై వచ్చినపుడు సుదేష్ణ ఆదరముతో లోనికి పిలిచెను. ఎంగిలి ముట్టనక్కఱలేదు, కాళ్ళు కడుగనక్కఱలేదు అను నామె నియమముల కొప్పుకొనెను. ఇంతవఱకు ఉత్తమయిల్లాలు. కాని తోడబుట్టిన కీచకుడు ఆశపడి వేధించినంతనే, మద్యము తెమ్మను నెపమున నా నిరాశ్రయురాలిని వాని యింటికి పంపెను. సైరంధ్రి వలదని బతిమాలినను వినలేదు. నిండుకొలువున కీచకుడు తన్నినపుడు రాజును గట్టిగా నోరు మెదపలేదు. ఆశ్రయమిచ్చిన యిల్లే అపాయస్థానమయ్యెను.

ఇందలి నీతి యేమి? నీడ యనగా కప్పు మాత్రము కాదు. లోనికి రానిచ్చినవారిని లోనివారి నుండి కాపాడుట నీడ. మన యింట తలదాచుకొనిన బిడ్డను, మామగారు మాట తూలినపుడు, మఱది చేయి చాచినపుడు, పొరుగామె కూపీ లాగినపుడు, 'ఈ యింట నది కూడదు' అని మనము చెప్పలేనిచో, తెఱచిన తలుపు వలయే యగును.

పెద్దలు నేర్చుకొనలేరని నిరాశపడనక్కఱలేదు. 2021లో మద్రాసు హైకోర్టునకు ఒక కేసు వచ్చెను. ఒకరినొకరు ప్రేమించిన యిరువురు యువతులు మధురనుండి పారిపోయి చెన్నపట్టణమున తలదాచుకొనిరి. తలిదండ్రుల ఫిర్యాదుపై పోలీసులు వెదకుచుండిరి. న్యాయమూర్తి ఆనంద వెంకటేశ్‌గారు వెంటనే తీర్పు చెప్పలేదు. ఈ విషయము తనకు పూర్తిగా తెలియదని బాహాటముగా నొప్పుకొని, తెలిసినవారియొద్ద కూర్చుండి విని, పిమ్మట ఆ యేటి జూనులో తీర్పు చెప్పిరి. పోలీసులు ఇట్టివారిని వేధింపరాదనియు, మార్చు చికిత్సలు నిషేధింపవలెననియు, ఆశ్రయము లేనివారికి వసతి చూపవలెననియు నందు కలదు. హైకోర్టు న్యాయమూర్తియే శిష్యుడై కూర్చుండగా లేనిది, వినుటకు మనకు చిన్నతన మేల?

మన చేతిలోని పనులు

తల్లులకు మొదట చెప్పుదము. బిడ్డ నోరు విప్పిననాడు అంతయు నర్థము కానక్కఱలేదు. 'నీవు మా బిడ్డవే' అను మాట చాలును. ఏడ్పు వచ్చిన తరువాత నేడువవచ్చును. బిడ్డ చెప్పిన సంగతిని బిడ్డ యనుమతి లేక అక్కకుగాని ఆడుబిడ్డకుగాని చెప్పరాదు; ఆ రహస్యము మనది కాదు. పెండ్లి మాట తలపెట్టరాదు. చదువు మాన్పింపరాదు, చేతిలో చదువున్న బిడ్డ చేయి చాచవలసిన పనిలేదు. మనస్సు కలతపడి దిక్కుతోచనిచో, బిడ్డకుగాని మనకుగాని, 14416 అను టెలీమానస్ సంఖ్యకు ఫోను చేసి మాటాడవచ్చును. అది 2022లో ప్రభుత్వ మేర్పఱచినది, ఖర్చు లేదు.

ఇల్లు అద్దెకిచ్చువారు అడుగవలసిన వేవి? అద్దె యియ్యగలరా, ఇల్లు శుభ్రముగా నుంచుకొందురా, అంతే. ఇతరుల నడుగని ప్రశ్నలు వారిని మాత్ర మేల అడుగవలెను? అద్దె రెట్టింపు చెప్పుట కూడ పొమ్మనుటయే. ఒకసారి యిచ్చిన పిమ్మట, వీధిలోనివారు గుంపుగా వచ్చి 'ఖాళీ చేయింపుడు' అన్ననాడు నిలువగల గుండె యుండవలెను. ఆనాడు విరాటునివలె మిన్నకుండుట తగదు.

వీధిలో, బస్సులో, ఆసుపత్రి వరుసలో, కుళాయి దగ్గఱ మనకు చేతనైన పని మఱింత చిన్నది. చీర కట్టిన వ్యక్తిని 'అమ్మా' యనుడు, 'మీరు' అనుడు. తన పేరు ఏమని చెప్పుకొనినచో ఆ పేరుతోనే పిలువుడు. ఆడువారి వరుసలో నిలిచినపుడు చోటిండు. ఎగతాళి చేయు కుఱ్ఱవానిని మన కొడుకైనను మందలింపుడు. శాపమిత్తురను భయముచే కాసువిసరుటకంటె, గ్రుక్కెడు మంచినీళ్ళిచ్చి కూర్చుండుమనుట మేలు.

కొన్ని సందేహములు

'రైలుపెట్టెలో చప్పట్లు చఱచి డబ్బు గుంజువారు, శుభకార్యమునాడు అడిగినంత యీయనిదే కదలనివారు మాకు తెలియరా?' యని కొందఱు సోదరీమణు లందురు. తెలియుదురు. బెదరించి పుచ్చుకొనుటను మేమును మెచ్చుకొనము. కాని బడిలో చదువనీయక, దుకాణమున పనియీయక, ఇంట నుండనీయక, తుదకు చప్పట్లు తప్ప వేఱు వృత్తి మిగుల్పక, ఆ చప్పట్లు మాత్రము వినబడరాదనుట న్యాయమా? పని దొరకినవారు సిగ్నలు దగ్గఱ నెట్లు నిలుచుచున్నారో పైన చెప్పితిమి.

'మన పిల్లలు చూచి నేర్చుకొందురేమో' యని మఱికొందఱ భయము. ఉత్తర యేడాదిపాటు బృహన్నలయొద్ద నాట్యము నేర్చుకొనెను. ఆమెకు వచ్చినది నాట్యము. పిమ్మట అభిమన్యునకు ఇల్లాలై పరీక్షిత్తును కనెను. ఇది యంటుకొనునది కాదు; వదలించుకొనునదియు కాదు.

'నలుగురేమనుకొందురు' అనునది కడపటిది, అన్నిటికంటె బరువైనది. ఆ నలుగు రెవరు? పేరంటమునకు వచ్చి చెవులు కొఱుకుకొనువారు మనమే గదా! మన మనుకొనుట మానినచో ఆ నలుగురును లేరు.

బళ్ళారిసీమకు చెందిన మంజమ్మ జోగతిగారిని గుఱించి విన్నవా రుందురు. ఎల్లమ్మకు అంకితమైన జోగతుల సంప్రదాయము వారిది. ఎల్లమ్మ మన తెలంగాణమునను రాయలసీమలోను కొలువున్న తల్లియే. చిన్ననాట ఇల్లు విడిచి, బిచ్చమెత్తి, ఒకమాఱు ప్రాణము తీసికొనబోయిన యామెకు తోటి జోగతులు నీడ యిచ్చిరి; జోగతినృత్యము నేర్పిరి. ఆ కళతోనే యామె 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యెను. 2021 నవంబరులో రాష్ట్రపతిభవనమున పద్మశ్రీ పుచ్చుకొనుచు, తమ యాచారము ననుసరించి చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసెను. దేశమంతయు ఆ కొంగును చూచినది. ఆమెకు నీడ యిచ్చినవారు మేడలుగలవారు కారు. తినుటకు తమకే చాలని బీదలు.

అందఱును పద్మశ్రీలు కానక్కఱలేదు. మంజమ్మగారివంటివారి కథ విని కన్నీరు పెట్టుకొని, సాయంకాలము గుమ్మమున నిలిచినవారిపై తలుపు వేయుటవలన లాభములేదు. వారికి కావలసినది మన కన్నీరు కాదు. నెలకింత అద్దెకు ఒక గది. బడిలో ఒక బల్ల. ఆసుపత్రిలో తన పేరుతో ఒక చీటీ. పండుగనాడు అమ్మ యింట ఒక విస్తరి. ఇందులో మొదటిదియు కడపటిదియు ఏ ప్రభుత్వమును ఈయజాలదు. అవి మన తాళపుగుత్తిలోను, మన వంటయింటిలోను ఉన్నవి. రేపు మన వీధిగోడకు 'ఇల్లు అద్దెకు కలదు' అను పలక తగిలించునపుడు, అది యెవరెవరికి కలదో, ఎవరికి లేదో మనస్సులోనే యొక జాబితా వ్రాసికొనక, పలకమీద నున్న మాటనే నిలుపుకొందము.